పాచి కడిగిన రాళ్ళు

గంజాం దగ్గర మన పేట,
మే తొమ్మిది

మా ఇంట పుట్టిన చదువుల వెలుగు తులసికి, నీ మేనమామ జగ్గన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు ఫోను ఎత్తడం మానేసేవు కాబట్టి కాగితం పట్టుకున్నాను. ధనరాజు ఎండుచేపల వ్యాను బుధవారం బరంపురం వస్తోంది. బడా బజార్‌లో సరుకు దించేక నీ గదికొచ్చి చేతికే ఇస్తానన్నాడు.

తొట్టె సంగతికి దిగులు పడకు. మన గెడ్డ నీళ్ళలో చేపలు గొడ్డుపోయేలా చేసే హార్మోను కలుస్తోందని కనిపెట్టినదానివి నువ్వు. కంటికి కనపడని జీవుల్ని గులకరాళ్ళ మీద పెంచి, వాటిచేత ఆ హార్మోనుని తినిపించి నీళ్ళు బాగుచేస్తానని నాలుగు బావి వరలు నిలబెట్టినదానివి నువ్వు. ఛత్రపూర్ నుంచి వచ్చిన ఆఫీసర్లు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, లోపలికెళ్ళిన నీళ్ళకీ బయటికొచ్చిన నీళ్ళకీ తేడా లేదని రాసేసినంత మాత్రాన నీ చదువు తక్కువైపోదు. సముద్రం చిలికినప్పుడు కూడా ముందు పైకొచ్చింది విషమే.

మీ అమ్మ మీద కోపం మాత్రం వదిలెయ్యి. ఆఫీసర్లు వచ్చే ముందురోజు ఆ రాళ్ళ మీది జిగురంతా మీ అమ్మ ఎర్రమ్మా, మిగతా ఆడవాళ్ళూ కొబ్బరి పీచుతో రుద్ది, బ్లీచింగు పోసి కడిగేసేరు. అక్షరం రాని మనిషి. ఆ జిగురే నీ జీవులని ఆమెకేం తెలుసు? తల్లి తెలియక చేసిన తప్పుని మనసులో మోసే బిడ్డకి ఎన్ని చదువులుంటే ఏం ఫలమని శాస్త్రాలు ఘోషిస్తున్నాయి. చెప్పవలసిన వాణ్ణి, చెప్పేను. వచ్చే ఏకాదశికి భజన మందిరంలో నా పురాణం ఉంది. వచ్చి విని, మీ అమ్మ చేతి కూడు తిని వెళ్ళు.

నీ మేలు కోరే మేనమామ,
పురాణ ప్రవచకుడు జగ్గన్న

*

మన పేట,
జూన్ ఇరవై మూడు

అమ్మీ తులసీ,

నా మొదటి ఉత్తరం దాచి ఉంటే చింపెయ్యి. అందులో ఇది అబద్ధమని వేలు పెట్టి చూపించగలిగే మాట ఒక్కటీ లేదు. అదే నా విద్య. ఇరవై ఏళ్ళు మైకు ముందు కూర్చుని నేర్చుకున్న విద్య.

రాళ్ళు కడగమన్నది నేను.

ఈ ముక్క చెబుదామని నీ నెంబరు మూడుసార్లు నొక్కేను. నువ్వు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఇంత సూటిగా చెప్పేవాణ్ణి కాదేమో. నోరు తెరిస్తే నాకు ప్రవచనం వచ్చేస్తుంది. నా తప్పు కూడా రాగం కట్టుకుని, శ్లోకం తోడు తెచ్చుకుని, వినసొంపుగా వచ్చేస్తుంది. కాగితం మీద ఆ సదుపాయం లేదు. ఒడియా బడిలో మూడో తరగతి మానేసి, ఇరవై రెండేళ్ళ వయసులో మా నాన్న పురాణం పుస్తకం ముందేసుకుని తెలుగు అక్షరాలు నాకు నేనే దిద్దుకున్నవాణ్ణి. ఈ వంకర చేత్తో అందంగా రాయడం నావల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

ఆరోజు నువ్వు కాగితాల పనిమీద ఛత్రపూర్ వెళ్ళేవు. మధ్యాహ్నం పురాణం అయిపోయింది. ఆడవాళ్ళు లేవబోతుంటే కూర్చోమన్నాను. రేపు ఆఫీసర్లొస్తున్నారు, మన పిల్ల కట్టిన తొట్టెలో ఆ పాచీ జిగురూ చూస్తే ఏమనుకుంటారు, మనం మురికి మనుషులమని నవ్వుకోరా, అమ్మోరి పండక్కి బావి తోమినట్టు తోమెయ్యండి అని చెప్పేను. నీ మీద ప్రేమతో కదిలేరమ్మా వాళ్ళు. ఒక్కొక్కరూ ఇంటికెళ్ళి పీచు తెచ్చుకున్నారు. పంచాయతీ గదిలో ఉన్న బ్లీచింగు సంచీ నేనే తెరిపించి ఇచ్చేను. మీ అమ్మ ఒక్కతే కదల్లేదు.

"అన్నియ్యా, పిల్ల ఆ రాళ్ళు ముట్టుకోవద్దంది కదేటి?" అంది.

"కడగడం తప్పని ఏ శాస్తరంలో ఉందో సూపించు" అన్నాను. అందరి ముందూ అన్నాను. నా చెల్లెలు చదవలేదని తెలిసే పుస్తకం దాని ముందుకి తోసేను. అది పుస్తకానికి దణ్ణం పెట్టి, లేచి, కొంగు దోపుకుంది. సాయంత్రానికి నీ మూడు నెలల పెంపకం కాలవ పట్టింది. రాళ్ళు అద్దంలా మెరిసేయి. నేను పక్కనే కుర్చీ వేసుకుని వాళ్ళకి పుణ్యకథ చదివి వినిపించేను.

వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. వారం ముందే నువ్వు నా చెయ్యి పట్టుకుని రాయికి తాకించేవు. "జారతంది కదా మావా? ఈ జిగురంతా పేణమే" అన్నావు. పాలకి తోడేసినట్టేనని చెప్పేవు. బరంపురం మురుగుకాలవ మట్టి కొంచెం తెచ్చి తోడేసేనని, అందులో జీవాలు గెడ్డ నీళ్ళకి అలవాటు పడి, హార్మోను తినడం నేర్చుకోడానికి మూడు నెలలు పట్టిందని చెప్పేవు. నాకంటే బాగా ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యే చంపేను.

ఎందుకని అడుగుతావు. ఆ తొట్టె పనిచేస్తే తర్వాత ఏం చేస్తావో కూడా ఆరోజే చెప్పేవు. గెడ్డ ఒడ్డమ్మట పైకి నడిచి, వంపు వంపుకీ ఒక సీసా నీళ్ళు పడతానన్నావు. "ఎక్కడ ఎక్కువుంటే అక్కడే పుడతన్నట్టు. అక్కడికే చేరతాం మావా" అన్నావు. పై వంపులో ఏముందో నీకు తెలుసు. నా చేపపిల్లల షెడ్డు ఉంది.

కలకత్తా నుంచి పిల్లల్ని తెచ్చి రెండ్రోజులుంచి అమ్ముకుంటాను, మందు అక్కడివాళ్ళే పెడతారు అని నీతో అన్నాను. నువ్వు నోటుబుక్కులో రాసుకుని, మళ్ళీ అడగలేదు. మావ అబద్ధమాడడని నీకు. ఆరేళ్ళుగా మందు కలిపేది నేనే తల్లీ. తిలాపియా తల్లి గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పొదిగినన్నాళ్ళూ మేత ముట్టదు. ఆ తల్లిని పట్టుకుని, నోరు విప్పదీసి, గుడ్లు గిన్నెలోకి దులుపుతాను. పిల్లలయ్యేక, ఆ హార్మోను తెల్లపొడి స్పిరిట్టులో కరిగించి, మేత మీద చల్లి, చాప మీద నీడన ఆరబెట్టి, ఇరవై ఒక్క రోజులు పెడతాను. అన్నీ మగవే అవుతాయి. మగవైతే గుడ్లు పెట్టవు, తొందరగా బరువెక్కుతాయి, చెరువుల వాళ్ళు ఎగబడి కొంటారు. దానికి లైసెన్సు కావాలి. నాకు లేదు. తొట్లు కడిగిన నీళ్ళు షెడ్డు వెనక కాలవలోంచి గెడ్డలోకి పోతాయి. ఇరవై ఒక్క రోజుల దీక్ష గురించి నేను ఎన్ని ఊళ్ళలో చెప్పేనో నీకు తెలుసు కదా.

చేపలు కోసే మన చిట్టమ్మ అత్త మూడేళ్ళ కిందటే చెప్పింది. తొలకరి ముందు గెడ్డ చేప కోస్తే కడుపునిండా గుడ్లుండేవి, ఇప్పుడు పది కోస్తే ఒక్కదాన్లో లేవు అని. కత్తిపీట మీంచి తలెత్తి నా వైపు చూసింది. నేను ఆ సాయంత్రమే మందిరంలో ఊరవతల పొగగొట్టాల మీద విరుచుకుపడ్డాను. కలియుగమన్నాను, లోభమన్నాను. ఏ పొగగొట్టం మన గెడ్డని ఏం చేసిందో నాకు తెలీదు. సిమెంటు తొట్లు నావి. జనం చప్పట్లు కొట్టేరు.

నీ చదువు కూడా ఆ తొట్లలోంచే వచ్చిందని రాసి, కొట్టేసేను చూడు, పైన గీతలున్నాయి. అది రాస్తే నిన్ను కూడా నా పాపంలోకి లాగినట్టు. కొట్టేసినా నీకు కనిపిస్తుంది. అది కూడా నా విద్యే అనుకో.

ఇంత జరిగినా నేను నోరు విప్పేవాణ్ణి కాను. నువ్వు గుమ్మంలో నిలబడి ఎవరు కడిగేరని అడిగిన రోజు నేను అరుగు మీదే ఉన్నాను. మీ అమ్మ నా వైపు చూడనైనా చూడకుండా "నానే. నానే అందరికీ సెప్పేను" అంది. నువ్వు "సేపలు తోముకోడానికి తప్ప దేనికీ పనికిరావు" అనేసి బస్సెక్కేవు. ఆ మాట నాకు పడాల్సింది. ఎర్రమ్మ తీసుకుంది. తీసుకుని లోపలికెళ్ళిపోయింది. నాకు మజ్జిగ కూడా తెచ్చి ఇచ్చింది.

బ్లీచింగు దాని అరచేతులు తినేసింది. పొరలు పొరలుగా ఊడేయి. రెండు నెలలు కత్తి పట్టలేదు. మొన్న ఏకాదశికి కాళియ మడుగు కథ ఎత్తుకున్నాను. ఆ కథంటే నాకెంత పేరో తెలుసు కదా. నీళ్ళు విషం చేసిన పామూ, పడగల మీద తొక్కిన బాలుడూ. ఆ కథ ఎప్పుడు చెప్పినా నేను బాలుడి పక్కన నిలబడి చెబుతాను. మంచి ఊపు మీదున్నాను. ముందు వరసలో కూర్చున్న మీ అమ్మ, ఎప్పుడూ నోరెత్తని మనిషి, మెల్లగా అడిగింది.

"అన్నియ్యా, ఆ పాము నీళ్ళు ఇసం సేత్తంటే ఆడి పెళ్ళాం పిల్లలకి తెల్దా?"

నేను పేజీ తిప్పబోయేను. జవాబు కూడా అదే చెప్పింది. "తెలిసే ఉంటాది. అందరూ ఒక్క నీళ్ళలోనే కదా ఉన్నారు."

అని, ఊడిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, మిగతా కథ కోసం నా మొహంలోకి చూసింది. కోపం లేదమ్మీ. ఎదురుచూపు. దానికి మొదట్నించీ తెలుసు. షెడ్డుకి కూడు తెచ్చినప్పుడల్లా చాప మీద ఆరుతున్న మేత చూసింది, స్పిరిట్టు వాసన చూసింది. ఆరేళ్ళు నోట్లోనే దాచుకుంది. నేను పుస్తకం మూసేసి, గొంతు బాగులేదని చెప్పి దిగిపోయేను.

అందుకని ఒక నిర్ణయానికొచ్చేను. పారాదీప్‌లో ధనరాజు బావమరిది పడవలున్నాయి. వలలు కుట్టే పని ఇస్తానన్నాడు. వచ్చే వారం షెడ్డుకి తాళం వేసి, పుస్తకం మందిరంలో అప్పజెప్పి వెళ్ళిపోతాను. ఈ ఉత్తరం నువ్వు ఆఫీసర్లకి చూపించుకో. నీ తొట్టె ఓడిపోలేదని దీనివల్ల తెలుస్తుంది. పురాణంలో కూడా ఆ పాముని చంపలేదు, సముద్రంలోకి పొమ్మన్నారు. నేనూ పోతాను.

మీ అమ్మకి ఫోను చెయ్యి. నా కోసం కాదు.

జగ్గన్న

*

మన పేట,
సెప్టెంబరు పధ్నాలుగు

తులసమ్మా,

వంద పేజీల పురాణం కంటే నీ ఆరు లైన్లు బరువుగా ఉన్నాయి. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మడతలు చిరిగిపోతే చిట్టమ్మ దాని వెనక ఇంకో కాగితం అతికించింది.

"అమ్మతో మాటాడేను. నీ సంగతి తర్వాత. పారాదీప్ ఎల్లిపోడం నీకు సులువే. పాము ఎల్లిపోయింది సరే, మడుగెవరు కడిగేరో నీ పుస్తకంలో ఉందా? షెడ్డు ఎనక కాలవ అడుగు మట్టి నాకు రెండు బకెట్లు కావాల. ఊరికి సెప్పి మరీ తవ్వు." ఇంతే రాసేవు. కింద సంతకం కూడా లేదు.

నా పుస్తకంలో లేదమ్మా. రాత్రంతా వెతికేనని చెప్పను, ఒక్క పేజీ కూడా తిప్పలేదు. లేదని నాకు తెలుసు.

ఊరికి ఎలా చెప్పేనో నీకు తెలియాలి. ఏకాదశి నాడు మైకు తీయించేసేను. మైకు ఉంటే నేను మళ్ళీ నేనైపోతాను. అరుగు దిగి, జనంతో పాటు నేలమీద నిలబడి, షెడ్డు సంగతీ, పొడి సంగతీ, కాలవ సంగతీ, రాళ్ళు కడిగించిన సంగతీ చెప్పేను. మీ అమ్మ పేరెత్తి, ఆ పని దానిది కాదని చెప్పేను. ఎవరైనా లేచి కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. అప్పుడు వెనక నుంచి ముసలి లక్ష్ముడు అన్నాడు. నేను కల్లు మాన్పించిన మొట్టమొదటి మనిషి.

"మమ్మల్ని మాన్పించీసి, సేపపిల్లలకి పట్టించేవేటి పంతులూ?"

స్పిరిట్టు గురించి. జనమంతా నవ్వేరు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేరు. మీ అమ్మ కూడా నవ్వింది. ఇరవై ఏళ్ళు ఆ మందిరంలో నా మాటకి ఏడ్చేరు, దణ్ణాలు పెట్టేరు, ఒక్కసారీ నన్ను చూసి నవ్వలేదు. ఆ నవ్వు ఇంకా నా ఒంటి మీద ఉంది. నేను ఇప్పుడు వీధిలో వెళ్తుంటే పిల్లలు "స్పిరిట్టు పంతులు" అంటున్నారు. పిలిస్తే పలుకుతున్నాను.

ఛత్రపూర్‌లో చేపల ఆఫీసుకెళ్ళి రాసిచ్చేను. ఏం చేస్తారో ఇంకా తెలీదు. గుమాస్తా రెండుసార్లు అడిగేడు, ఎవరి మీద ఫిర్యాదని. నా మీదే అని ఒడియాలో చెప్పేను. అతను పెన్ను కింద పెట్టి మంచినీళ్ళిచ్చేడు.

మట్టి తవ్వే రోజు నేను మా నాన్న రాగి బిందె తోమి తీసేను. అమ్మోరికి నీళ్ళు తెచ్చే బిందె. పాపం చేసిన మట్టిని పవిత్రమైన బిందెలో మొయ్యాలని నా ఆలోచన. ముహూర్తం కూడా చూసేను. మీ అమ్మ ఫోనులో నీకు చెప్పింది, నువ్వు అరిచిన అరుపు నాకు ఇక్కడికి వినిపించింది. రాగి తగిలితే ఆ జీవాలు చస్తాయట. మళ్ళీ చంపబోయేను చూడు, ఈసారి భక్తితో. పెయింటు డబ్బా కడిగి, అందులో మోసేను. నల్లటి మట్టి, కుళ్ళు వాసన. ఆరేళ్ళుగా ఆ పొడి నీళ్ళు తాగిన మట్టి. కొత్త మట్టి తెచ్చి మూడు నెలలు అలవాటు చెయ్యనక్కర్లేదు, ఈ మట్టిలో జీవాలకి అదే అన్నమై పోయి ఉంటుంది, దీనికంటే మంచి తోడు ఎక్కడా దొరకదు అని నువ్వు మీ అమ్మకి చెప్పేవట. అది నాకు చెప్పింది. నేను అక్కడే కాలవ గట్టు మీద డబ్బా దించేను. నేను విషం పోసినన్నాళ్ళూ, నా కాళ్ళ కిందే, ఎవరూ చెప్పకుండానే అవి తింటున్నాయన్నమాట.

ఇంకేముంది, నేను అందుకున్నాను. గరళం మింగిన దేవుడి కథ ఎత్తుకుని, ఈ మట్టిలో జీవాలే ఆ దేవుడని మొదలెట్టేను. మీ అమ్మ నీ మాట నాకు అప్పజెప్పింది. "దేవుణ్ణి సెయ్యొద్దంది పిల్ల. అవి తింటాయి అంతే. ఆకలి మీదుంచమంది, ఎక్కువ నీళ్ళు ఒక్కసారే ఎట్టొద్దంది. నువ్వు కథ ఆపి డబ్బా ఎత్తు." ఎత్తి నీ వరల దగ్గర దించేను, మట్టి రాళ్ళ మీద అదే తోడేసింది.

షెడ్డులో తొట్లు ఖాళీ చేస్తున్నాం. ఆఖరి జట్టు తల్లుల్ని నేను ముట్టుకోలేదు, గుడ్లు వాటి నోళ్ళలోనే ఉండనిచ్చేను. మిగిలిన మందు నీళ్ళు గెడ్డలోకి వదల్లేదు. చిన్న గొట్టం పెట్టి నీ నాలుగు వరల్లోంచి చుక్కచుక్కగా పంపుతున్నాం. పొద్దున్నా సాయంత్రం మీ అమ్మ చూసుకుంటుంది. చేతులకి కొత్త చర్మం వచ్చింది. ఆ రాళ్ళు ముట్టుకునే హక్కు ఊళ్ళో దానికొక్కదానికే. నేను దూరంగా నిలబడి బకెట్లు అందిస్తాను. లోపలికెళ్ళే నీళ్ళదీ బయటికొచ్చే నీళ్ళదీ ఐసుపెట్టెలో ధనరాజు చేత పంపిన రెండు సీసాలూ చేరేయని, బయటి సీసాలో హార్మోను సగానికి తగ్గిందని నువ్వు చెప్పినప్పుడు అది ఇంటికెళ్ళి చేప పులుసు వండింది. సగమే కదా అని నేనంటే, సగం నీదీ సగం ఆ తొట్టెదీ అనుకో, తొట్టె దాని సగం చేసింది అంది.

గెడ్డ చేపల్లో గుడ్లు ఇంకా లేవు. చిట్టమ్మ రోజూ కోసి చూస్తోంది. చూసి నాకు చెప్పదు. నేనూ అడగను. కత్తిపీట దగ్గర ఎంతసేపు ఆగిందో చూసి తెలుసుకుంటాను.

నిన్న పొద్దున్న మీ అమ్మ నన్ను పిలిచింది. వర అంచు దగ్గర కూర్చోబెట్టి, లోపల చెయ్యి పెట్టి, ఒక రాయి తీసి నా అరచేతిలో పెట్టింది. గోధుమ రంగు జిగురు. పట్టుకుందామంటే నిలవలేదు, జారి మళ్ళీ నీళ్ళలో పడింది. ఏదో శ్లోకం నోటిదాకా వచ్చింది. మింగేసేను.

"ఇంకెప్పుడూ కడగమని సెప్పకు అన్నియ్యా" అంది. "నువ్వు సెప్తే కడిగీగల్ను."

చూసేవా తల్లీ. ఇంత జరిగేక కూడా. నేను చెబితే కడిగేస్తుందట. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన మాట అదే. అందుకని అప్పుడే, ఆ వర పక్కనే, దాని చేత ఒక మాట మార్పించేను. నాలుగుసార్లు చెప్పించేను. మొదటి మూడుసార్లూ సిగ్గుపడి నవ్వింది. నాలుగోసారి నా కళ్ళలోకి చూసి గట్టిగా అంది.

"నువ్వు సెప్పినా కడగను."

ఏకాదశికి నా పీట మీద ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు. వచ్చి చూసుకో అమ్మా, నన్ను కాదు, మీ అమ్మని.

నీ మావ